రెండో సీటు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. అన్నంత మాత్రాన తగ్గలేదు. ఆ కోపంలో చేసినవి చాలా మరచిపోయాను, కొన్నింటికి చేతులు పట్టుకుని బతిమాలుకున్నాను కూడా. ఒక్కటి మాత్రం అట్లాగే మిగిలిపోయింది. డెబ్బైల చివర్లో, ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, నేనూ నా స్నేహితుడూ కలిసి సొంతంగా ఒక కారు తయారు చేయడం మొదలుపెట్టాం. ఇద్దరు కూర్చునే కారు. దాన్ని నేను ఒక్కడు కూర్చునే కారుగా మార్చాను.

అప్పుడు పాతనగరం ఉప్పుగూడలో ఒక్క గదిలో ఉండేవాణ్ణి. మా బాపు రైల్వేలో పాయింట్స్‌మన్, ఎక్కడో దూరపు స్టేషన్లో పని. నెలకోసారి వచ్చి రెండు రోజులు ఉండి పోయేవాడు. అమ్మ నాకు ఆరేళ్ళప్పుడే పోయింది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి తలుపు తీస్తే, పొద్దున నేను పెట్టిపోయిన చెంబు పెట్టిన చోటే ఉండేది. దాన్ని చూస్తే ఒళ్ళు మండేది. చెంబు మీద కోపమేమిటని నవ్వొచ్చు మీరు. ఇంట్లో ఒక్కడే ఉన్నవాడికి తెలుస్తుంది ఆ సంగతి.

మాకు రెండు గల్లీల అవతల ఆ స్నేహితుడి ఇల్లు. నా క్లాసే. వాళ్ళ బాపు ఒక సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. వాడు నోట్లో నాలుక లేని మనిషి, నేనేమో దానికి పూర్తిగా ఎదురు. అయినా ఎట్లా కుదిరిందో కుదిరింది. వాళ్ళమ్మ నాకు అన్నం పెట్టేది, పెడుతూ తిట్టేది, "గింత తింటె ఎట్ల బతుకుతవ్ బిడ్డా" అని. వాడు తప్ప నాకు ఈ నగరంలో ఇంకొక మనిషి లేడు. ఇది పెద్దమాటగా అనడం లేదు, నిజంగానే లేడు.

ఒక రోజు గేర్ల పాఠం అయ్యాక బయటికి వస్తూ వాడే అన్నాడు.

"గిదంత బోర్డు మీద గీసుడేనారా? మనం ఒకటి జేద్దాం."

దబీర్‌పురా స్టేషన్ పక్కన వెల్డింగ్ షెడ్డు ఉన్న ఒక ఉస్తాద్ మాకు చోటిచ్చాడు. ఆయన కిటికీ జాలీలు చేసేవాడు. షెడ్డు వెనక ఖాళీ జాగా, ఆయన వెల్డింగ్ మిషను మేం వాడుకోవచ్చు. బదులుగా ఆయన జాలీలన్నింటికీ మేం రంగులు వేయాలి. అట్లా ఆ ఏడాది పాతనగరంలో ఎన్ని కిటికీలకు ఆకుపచ్చ రంగు వేశామో లెక్కలేదు. పాత సామాన్ల కబాడీ దుకాణంలో దొరికిన పాత స్కూటరు ఇంజను, నాలుగు స్కూటరు చక్రాలు, ఇనుప గొట్టాలు. అంతే మా కారు. ఉప్పుగూడ నుంచి పట్టాల వెంట నడిచి వెళ్ళేవాళ్ళం, చీకటి పడేలోపు మళ్ళీ పట్టాల వెంటే ఇంటికి.

చట్రం నిలబడగానే, ఇంకా ఇంజను కూడా ఎక్కించకముందే, దాని మీద ఒక పలక వేసుకుని పక్కపక్కన కూర్చున్నాం. చేతిలో స్టీరింగ్ లేదు. నేను గాలిలో తిప్పుతున్నాను, వాడు పక్క నుంచి "లారీ వస్తుంది, జర పక్కకు తీయ్" అంటున్నాడు. ఉస్తాద్ బీడీ తాగుతూ మమ్మల్ని చూసి తల కొట్టుకున్నాడు. బండి తయారవగానే మొదట ఎక్కడికి పోవాలో ఆ రోజే అనుకున్నాం. జల్‌పల్లి. అప్పట్లో అటువైపు ఖాళీ రోడ్డు, చెరువు, రాళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. ఎవరికీ అడ్డం రాకుండా ఇద్దరం హాయిగా పోయి రావచ్చు.

చివరి ఏడాది మొదట్లో వాడి బాపు ఒక రోజు డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని మంచం మీద ఒరిగి, మళ్ళీ లేవలేదు.

దినాలు అయ్యీ కాకముందే యూనియన్ వాళ్ళు కాగితం పట్టుకొచ్చారు. మా బస్తీలో దీని గురించి ఎవరూ తర్జనభర్జన పడరు. సర్వీసులో ఉండగా తండ్రి పోతే ఆ నౌకరీ కొడుకుది. ఆలస్యం చేస్తే ఏమవుతుందోనని భయం, అందుకే గుండు మీద వెంట్రుకలు మొలిచేలోపే చేరిపోతారు. వాడూ సంతకం పెట్టేశాడు. ఇంకో ఎనిమిది నెలలు ఉంటే డిగ్రీ చేతికి వచ్చేది.

"పరీక్షలు రాసినంక చేరరాదా?" అని గొడవపడ్డాను.

"వాళ్ళు ఆగుతరారా? ఇంట్ల నలుగురం ఉన్నం," అన్నాడు. "ఫికర్ చెయ్యకు. ఐతారం ఐతారం వస్త. కారు మాత్రం ఆపకు."

వాడికి తండ్రి పోయాడు, చదువు పోయింది. నేను మాత్రం నన్ను వదిలిపెట్టి పోయాడని ఉడికిపోయాను. సిగ్గులేదా అంటే, అప్పుడు లేదు.

రెండు ఆదివారాలు వచ్చాడు. గొట్టం పట్టుకోమంటే నిలబడే కునుకు తీశాడు. తరువాత ఓవర్‌టైమ్ అని మూడు వారాలు రాలేదు. నాలుగో ఆదివారం తప్పకుండా వస్తానని కబురు పెట్టాడు. ఆ రోజు స్టీరింగ్ బిగించాలి, ఒక్కడితో అయ్యే పని కాదు. పొద్దున్నే వెళ్ళి కూర్చున్నాను. మధ్యాహ్నం ఉస్తాద్ తన డబ్బాలోంచి రెండు రొట్టెలు తీసి ఇవ్వబోతే వద్దన్నాను. పొద్దు వాలేదాకా గేటు వైపు చూస్తూనే ఉన్నాను. వాడు రాలేదు.

సోమవారం కాలేజీ ఎగ్గొట్టి షెడ్డుకు వెళ్ళాను. ఎడమ పక్క సీటు కోసం వేసిన గొట్టాలు నాలుగు ఉన్నాయి. వాటిని కోసేసి, చక్రాలను లోపలికి జరిపి, నా సీటును నడిమధ్యకు తేవాలని ఉస్తాద్‌తో చెప్పాను.

"దోస్త్‌కు చెప్పినవా మియా?" అన్నాడాయన.

"చెప్పిన ఉస్తాద్. ఇద్దరి బరువు ఇంజను గుంజదు."

మొదటిది పచ్చి అబద్ధం. రెండోది సగం అబద్ధం. ఆయన కళ్ళద్దాలు పైకి నెట్టి నా ముఖంలోకి చూశాడు. "తుమ్హారీ గాడీ, తుమ్హారీ మర్జీ," అన్నాడు. నీ బండి, నీ ఇష్టం. ఆ షెడ్డులో ఇనుము కోసే పని ఎప్పుడూ ఆయనే చేసేవాడు, ఇంకొకరిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఆ రోజు మాత్రం రంపం నా చేతికిచ్చి చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు.

మొదటి గొట్టం కోసేటప్పుడు మంచి ఊపు మీద ఉన్నాను. రెండోదీ అయిపోయింది. మూడో గొట్టం దగ్గరికి వచ్చేసరికి కోపం చల్లారిపోయింది. కానీ రెండు కోసేశాక మిగతా రెండింటిని ఏం చేస్తాం? అందుకని కోశాను. ఇట్లాంటి తెలివి నాకు జీవితంలో చాలాసార్లు పనికి వచ్చింది.

ఆ తరువాత రెండు నెలలు ఒంటరిగానే పని చేశాను. వాణ్ణి ఒకటి రెండుసార్లు దారిలో కలిశాను. "ఎందాక వచ్చింది?" అని అడిగేవాడు. "వస్తుంది" అనేవాణ్ణి. సీటు మాట ఎత్తలేదు.  చివరికి బండి తయారయ్యాక వాళ్ళమ్మతో చెప్పి వచ్చాను, శుక్రవారం పొద్దున బయటికి తీస్తున్నామని. శుక్రవారం ఉస్తాద్‌కు సెలవు, జాగా ఖాళీగా ఉంటుంది. వాడికి మాత్రం డ్యూటీ ఉంటుంది, రాడులే అని నా ధైర్యం.

వాడు వచ్చాడు. చేరినప్పటి నుంచి మొదటిసారి సెలవు పెట్టి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. వెంట వాళ్ళమ్మ, ఆమె చేతిలో కొబ్బరికాయ, నాలుగు నిమ్మకాయలు, కొంగు చివర పసుపూ కుంకుమా. 

ఆమె ఏమీ గమనించలేదు. తను బొట్టు పెట్టకూడదని, బండికి నన్నే పెట్టమంది. నిమ్మకాయలు చక్రాల కింద పెడుతూ, నాతో నెమ్మదిగా అంది.

"నా మీద కోపం జెయ్యకు బిడ్డా. ఆ ఐతారం వీడు డ్యూటీ మీద డ్యూటీ జేసి పొద్దుగాల వచ్చిండు. నీ తాన్కి వస్తనని చెప్పులు తొడుక్కుంట తొడుక్కుంట గడప మీద కూసొని నిద్రపోయిండు. పాపమనిపించి నేనే లేపలే. లేచినంక నన్ను మస్తు తిట్టిండు."

వాడు ఈలోగా కారు చుట్టూ ఒక్కసారి తిరిగాడు. ఎడమ పక్కన కోసిన చోట, నేను ఆకురాయితో నున్నగా చేసిన మొండి గొట్టాల మీద అరచెయ్యి పెట్టాడు. తల ఎత్తలేదు. అప్పుడే వాళ్ళమ్మ అడిగింది, మనసులో ఏమీ లేకుండానే.

"మరి వీడేడ కూసుంటడు?"

నాకు తల కొట్టేసినట్లయింది. ఏదో ఒకటి చెప్పాలి, ఇంజను శక్తి, బరువు, ఏదో.  వాడే చెప్పాడు.

"నేను ఎన్కనుంచి నూకాలె గదమ్మా. నూకేటోడు లేకుంటే బండి నడుస్తదా?"

అది నిజమే. సీటును మధ్యకు జరిపేసరికి కిక్కు కొట్టే చోటు పోయింది. నూకి స్టార్ట్ చేయాల్సిందే. సెలవైనా చూడ్డానికి వచ్చిన ఉస్తాద్ ఒక పక్క, వాడు ఒక పక్క నూకారు. ఇంజను అందుకుంది. నిమ్మకాయలు ఎప్పుడు నలిగాయో కూడా చూడలేదు. ఏడాదిన్నర కష్టం, కల, అంతా ఒక్క కుదుపుతో ముందుకు కదిలింది. జనం పక్కకు తప్పుకుని చూస్తున్నారు, ఎవరో చప్పట్లు కొట్టారు. స్టేషన్ రోడ్డు చివర బండి తిప్పుకుని వెనక్కి రావాలని ముందే అనుకున్నాం. నేను తిప్పలేదు. వస్తే వాడి ముఖం చూడాలి. నేరుగా జల్‌పల్లి వైపు పోయాను.

అంత దూరం ఎట్లా పోయానో నాకే తెలియదు. ఎదురుగా ఒక లారీ వస్తే చివరి నిమిషంలో పక్కకు తీశాను. చెరువు కనపడేసరికి ఇంజను ఆగిపోయింది. రాళ్ళ పక్కన ఆ బండిలోనే కూర్చున్నాను. మేం అనుకున్న చోటు అదే. చూడ్డానికి ఏమీ లేదక్కడ. ఎండ, నీళ్ళు, రెండు బర్రెలు. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను. చూసేవాళ్ళు లేరు కనక మొహమాటపడలేదు. గంట తరువాత అటు వచ్చిన ఇద్దరు తాపీ పనివాళ్ళు నూకి పెట్టారు.

తిరిగి వచ్చేసరికి షెడ్డు దగ్గర ఉస్తాద్ ఒక్కడే ఉన్నాడు, నమాజు నుంచి వచ్చిన తెల్ల లాల్చీలో.

"వాడేడి ఉస్తాద్?"

"డ్యూటీకి పోయిండు. రెండో షిఫ్ట్ దొరుకుతదేమో చూస్త అన్నడు."

సెలవు పెట్టిన రోజు.

ఒక్క తిట్టు తిడితే నాకు సరిపోయేది. చెంప మీద కొట్టినా సరే.  నెల రోజులు కూర్చుని ఆ నాలుగు గొట్టాలనూ మళ్ళీ అతికించాను, నా సీటును పక్కకు జరిపి రెండో సీటు పెట్టాను. కిక్కు కూడా కాలికందేట్టు మార్చాను, ఎవరూ నూకే అవసరం లేకుండా. పెట్టుకుని వాడి కార్ఖానా గేటు ముందుకు పోయి షిఫ్టు వదిలే వేళకు నిలబడ్డాను.

వాడు సైకిల్ నడిపించుకుంటూ బయటికి వచ్చాడు. తోటి పనివాళ్ళు ఆగి కారును చూసి నవ్వుతున్నారు. వాడు దగ్గరికి వచ్చాడు.

"కూసో," అన్నాను. "జల్‌పల్లి పోదాం."

సీటును అరచేత్తో ఒత్తి చూశాడు. వంగి కింద అతుకుల మీద వేలు పెట్టి తడిమాడు.

"నువ్వే ఏసినవా వెల్డింగు?"

"నేనే."

"మంచిగ పడ్డది." లేచి సైకిల్ హ్యాండిలు పట్టుకున్నాడు. "సైకిల్ ఉంది గదరా. దీన్నేడ పెట్టాలె?"

సైకిల్ స్టాండు మాకు ఎదురుగానే ఉంది. వాడు ఇప్పుడే ఆ సైకిల్ తీసుకొచ్చింది అందులోంచే. అక్కడ పెట్టిరా అని నేను అనొచ్చు. నాది తప్పయింది అని కూడా అనొచ్చు. నేను రెండూ అనలేదు. "సరే మరి" అన్నాను.

వాడు సైకిలెక్కాడు. నాలుగడుగులు పోయి కాలు కింద ఆనించి వెనక్కి తిరిగాడు.

"ఐతారం అన్నానికి రమ్మన్నది అమ్మ."

ఆ ఆదివారం స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గదికి తాళం కూడా వేశాను. రెండు గల్లీల దూరం. సిగ్గేసి పోలేకపోయాను. తాళం తీసి లోపలికి వచ్చి, ఆ పూట పస్తుతోనే పడుకున్నాను. వాళ్ళు నాకోసం ఎంతసేపు ఆగారో నేను ఎప్పుడూ అడగలేదు.