కిరీటంతో ఇంటర్వ్యూకి వెళ్ళిన దెయోలిండా

అమెరికా ప్రభుత్వాన్ని "ఆదివారం దాకా ఆగు" అని గదమాయించిన మహారాణి ఒకావిడ మా వీధిలోనే, ఓ మూడంతస్తుల చెక్క ఇంట్లో, నడిమి వాటాలో ఉంటుంది. తలమీద వెండి కిరీటం పెట్టుకుని ఇమ్మిగ్రేషన్ ఆఫీసులోకి నడిచింది. ఆఫీసరమ్మ లేచి నిలబడి దణ్ణం పెట్టింది.

సరే, దణ్ణం పెట్టలేదు. లేచి నిలబడిన మాట నిజం. ఫైలు అందుకోవడానికి లేచింది. కిరీటం కూడా తలమీద లేదు, సంచిలో ఉంది. సంచి ఆవిడ ఒళ్ళో ఉంది. మిగతాదంతా జరిగింది జరిగినట్టే చెబుతాను. నేను పక్కనే ఉన్నాను. ఆవిడ మాటలు ఇంగ్లీషులోకి మార్చింది నేనే.

ఆవిడ పేరు దెయోలిండా ఫుర్తాదో. మా పెదనాన్న కొడుకు భార్య, నాకు వదిన. అట్లాంటిక్ నడుమ ఉన్న మా పోర్చుగీసు అసోర్స్ దీవుల నుంచి పెళ్ళైన కొత్తలో అమెరికాలోని ఈ ఫాల్ రివర్ ఊరికి వచ్చింది. కర్టెన్లు కుట్టే ఫ్యాక్టరీలో మిషను తొక్కింది. మా అన్న పోయాడు, ఫ్యాక్టరీ మూతపడింది, ఆవిడ మాత్రం గ్రీన్ కార్డు మీదే ఉండిపోయింది. పౌరసత్వం తీసుకోమని ఎవరన్నా అంటే, "నేను వచ్చిన ఓడ ఉప్పు ఇంకా నా చీలమండల మీదుంది, అది ఆరనీ" అనేది. నిజానికి ఆవిడ వచ్చింది విమానంలో.

పవిత్రాత్మ పండుగ మాకు అన్నిటికన్నా పెద్దది. ఈస్టరు వెళ్ళాక ఏడు వారాలు, వారానికో ఇల్లు చొప్పున వెండి కిరీటం తిరుగుతుంది. ఎవరిళ్ళకన్నది టోపీలో చీటీలు వేసి తీస్తాం. కిరీటం ఎవరింట ఉంటే ఆ వారానికి వాళ్ళే మహారాజు, వాళ్ళే మహారాణి. ఆదివారం చర్చిలో ఫాదరుగారు స్వయంగా దాన్ని వాళ్ళ తలమీద పెడతారు. రాచకార్యం ఒక్కటే: గడప తొక్కినవాడు ఎవడైనా సరే, మాంసం పులుసులో నానిన రొట్టె, పైన పుదీనా రెమ్మ వేసి కడుపు నిండా పెట్టాలి. ఓ ఏడు ఆ యోగం ప్లంబర్ జెఫెరీనోకి పట్టింది. మహారాజునన్న ధీమాతో వారమంతా ఎవరి పైపూ ముట్టలేదు. వీధి సగం నీళ్ళలో తేలింది.

ఆఖరి ఆదివారం పెద్ద ఊరేగింపు. వీధి మూసేస్తారు. ఫుట్‌పాత్ పొడుగునా పొయ్యిలు, వాటిమీద మనిషి కూర్చుని స్నానం చేయగలిగినంత గుండిగలు.

దానిమీద కన్నేసినవాడు డానెలీ అనే సిటీ కౌన్సిలరు. వీధి మూస్తే వ్యాపారాలు దెబ్బతింటాయట, గుండిగల వల్ల అగ్నిప్రమాదమట. వచ్చే వేసవికి ఎలాగూ పర్మిట్ ఇచ్చేశారు కాబట్టి ఆ ఒక్కసారికి కానిచ్చి, ఆపై ఏటినుంచి ఊరేగింపు హాలు లోపలే చేసుకోమని తీర్మానం పెట్టాడు. జనాన్ని మాట్లాడమన్నారు. వదిన లేచింది. నేను పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతున్నాను.

"హాలు లోపల ఊరేగింపేంటి నాయనా? గోడ తగిలినప్పుడల్లా వెనక్కి తిరగమంటావా? మేమేమన్నా గానుగెద్దులమా?"

జనం నవ్వారు. డానెలీ నవ్వలేదు. "అమ్మా, మీరు ఓటరేనా?" అన్నాడు.

"కాదు."

"అయితే కూర్చోండి. ముందు ఓటర్ల మాట విందాం."

తీర్మానాన్ని ఎన్నికల తర్వాతికి వాయిదా వేశారు. వదినని కారులో ఇంటికి తీసుకొచ్చాను. దిగేముందు అంది: "మరిదీ, ఏదో పరీక్ష ఉందటగా. దాని పుస్తకం పట్రా."

"ఏ పరీక్ష వదినా?"

"వీణ్ణి కుర్చీలోంచి దింపే పరీక్ష."

పౌరసత్వానికి అర్జీ పెట్టాం. ఆవిడ వయసువాళ్ళకి, ఆవిడలా ఏళ్ళ తరబడి ఇక్కడున్నవాళ్ళకి ఓ వెసులుబాటుంది. ప్రశ్నలు తక్కువ, సొంత భాషలో జవాబు చెప్పొచ్చు, మాట మార్చి చెప్పే మనిషిని వెంట తెచ్చుకోవచ్చు. సిస్టర్ల బడిలో వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బలు తింటూ ఇంగ్లీషు నేర్చినవాణ్ణి గనక ఆ ఉద్యోగం నాకు దక్కింది.

వదిన చదువుకునే పద్ధతి వేరు. పుస్తకంతో పోట్లాడుతుంది.

"వీళ్ళు ఇంగ్లాండు రాజు మీద ఎందుకు తిరగబడ్డారన్నావ్?"

"పన్నులు కట్టించుకుంటూ తమ మాటకి విలువివ్వలేదని."

"మరి నేను నలభై ఏళ్ళుగా కడుతున్న పన్నేంటి, ఉప్పుచేపా? ఈ పాఠం డానెలీకి ఎవరూ చెప్పలేదా?"

"చెప్పే ఉంటారు. ఆ రోజు బడికి రాలేదేమో."

ఇంతలో టోపీలోంచి ఆవిడ చీటీ వచ్చింది. ఈస్టరు తర్వాత మూడో వారం కిరీటం వదిన ఇంట్లో. సరిగ్గా ఆ వారంలోనే, బుధవారం, ఇంటర్వ్యూకి రమ్మని కబురు. వాయిదా అడుగుదామన్నాను.

"అడిగితే ఎప్పటికిస్తారు?"

"చెప్పలేం. ఎలక్షను దాటిపోయినా దాటిపోవచ్చు."

"అయితే బుధవారమే."

కిరీటం ఇంట్లో ఉన్న వారం సాయంత్రాలు ఆడవాళ్ళంతా వచ్చి దాని ముందు మోకరించి జపమాల చెప్పాలి. చదువుకోవడానికి ఇక తీరికెక్కడ? వదినే ఉపాయం తీసింది. పది పూసలు అయ్యాక ఒక ప్రశ్న. నేను గుమ్మం దగ్గర నిలబడి పుస్తకంలోంచి అడుగుతాను: "ఈ దేశానికి అత్యున్నత చట్టం ఏది?" ఆడవాళ్ళంతా ఒక్క గొంతుతో, "రాజ్యాంగం, ఆమెన్!" మళ్ళీ పది పూసలు. "మొదటి అధ్యక్షుడు ఎవరు?" "వాషింగ్టన్, ఆమెన్!" రెండు సాయంత్రాలకే వీధిలో ముసలమ్మలందరూ పరీక్షకి తయారైపోయారు. ఫాదరుగారు వచ్చి కాసేపు విని, పాపమేమీ కాదుగానీ లింకన్ పేరు మాత్రం పరలోకజపంలో కలపొద్దన్నారు.

బుధవారం పొద్దున్న కారు తీసుకుని వెళ్ళేసరికి వదిన నల్ల కోటు వేసుకుని మెట్ల మీద నిలబడి ఉంది. చేతిలో కూరగాయల సంచి. సంచిలోంచి కిరీటం మీది వెండి పావురం తల బయటికి చూస్తోంది.

"ఇదేంటి వదినా?"

"కిరీటమున్న ఇల్లు మనిషి లేకుండా వదలకూడదు. తెలీదా?"

"పక్కింటి ఒర్తెన్సియా కూర్చుంటానంది కదా!"

"కిరీటం పక్కన కూర్చున్నది ఆ పూటకి మహారాణి అవుతుంది. ఒర్తెన్సియాకా? ఆవిడ పులుసులో పుదీనా కూడా వెయ్యదు! పద. కిరీటం వెనకాల పాట లేకుండా నడవకూడదు, పాడు."

పాడాను. మెట్ల దగ్గర్నుంచి కారు దాకా ఊరేగింపు. కిరీటం, మహారాణి, వెనకాల నేను.

ఆఫీసు గుమ్మంలో సంచిని మిషనులో పెట్టమన్నారు. తెరమీద చూసిన గార్డు కనుబొమలు ఎగరేశాడు.

"ఏంటమ్మా ఇది?"

"కిరీటం" అన్నాను నేను.

"ఎవరిది?"

వదినని అడిగి చెప్పాను: "పవిత్రాత్మది."

"ఆయన రాలేదా?"

వదినకి మార్చి చెప్పాను. ఆవిడ గార్డుని పైనుంచి కిందికి చూసింది. "ముందే లోపలికెళ్ళాడు. మీ మిషనుకి కనబడడని చెప్పు."

గార్డు నోరు నొక్కుకుని సంచి తిరిగిచ్చాడు.

ఆఫీసరమ్మ పేరు మిస్ హాలోవే. సన్నగా, అలిసిపోయినట్టు ఉంది. నిజమే చెబుతానని వదిన చేత, ఉన్నదున్నట్టే మారుస్తానని నా చేత ప్రమాణం చేయించింది. నా జీవితంలో అంత కష్టమైన ప్రమాణం ఇంకోటి చెయ్యలేదు.

"ఈ దేశానికి అత్యున్నత చట్టం ఏది?"

"రాజ్యాంగం, ఆమెన్."

"రాజ్యాంగం" అన్నాను నేను.

"ఆవిడ ఇంకో మాట అన్నారు."

"ఆమెన్ అన్నారండీ."

"అన్నీ అన్నట్టే చెప్పండి."

అక్కణ్ణుంచి ఆవిడ ఆమెన్ అంటే నేనూ ఆమెన్ అన్నాను. పక్క గదిలో వాళ్ళు ప్రార్థన జరుగుతోందనుకుని ఉంటారు. తర్వాత ఈ ప్రశ్న వచ్చింది: పౌరులకి మాత్రమే ఉన్న బాధ్యత ఒకటి చెప్పండి.

"డానెలీకి వ్యతిరేకంగా ఓటెయ్యడం, ఆమెన్."

ప్రమాణం చేశాను కదా, ఉన్నదున్నట్టే చెప్పాను.

"డానెలీ ఎవరు?"

"కుర్చీ ఎక్కువైన మనిషి" అంది వదిన.

ఆఫీసరమ్మ పెన్ను చివర కొరికింది. "ఓటెయ్యడం అన్నంతవరకు తీసుకుంటాను."

పరీక్ష గట్టెక్కింది. ఇక అర్జీలో ఉన్న ప్రశ్నలు. వాటన్నిటికీ కాదు, లేదు అని చెప్పమని ముందే నేర్పాను. ఎప్పుడైనా జైలుకెళ్ళారా? లేదు. ప్రభుత్వాన్ని కూలదొయ్యాలనుకునే సంఘంలో ఉన్నారా? లేదు. తాగుడు వ్యసనముందా? "నాకు లేదు, మా మరిది సంగతి కావాలంటే చెబుతాను." అదీ మార్చి చెప్పవలసి వచ్చింది.

"విదేశాల్లో మీకు రాజరికపు బిరుదేదైనా ఉందా?"

వదిన ఒళ్ళో సంచి వైపు చూసింది.

"ఉంది" అంది.

"వదినా, లేదను!"

"ఆవిడతో ఏమన్నారు మీరు?" అంది ఆఫీసరమ్మ.

"లేదనమన్నానండీ."

"మీరు కాసేపు మాట మార్చడం మాత్రమే చెయ్యండి." ఆఫీసరమ్మ వదిన వైపు తిరిగింది. "ఆ బిరుదు వదులుకోవడానికి సిద్ధమేనా?"

"కాదు. ఆదివారం దాకా నేనే మహారాణిని. సోమవారం కిరీటం ఇంకో ఇంటికి పోతుంది. కావాలంటే ఆ రోజు అడగమను."

"వదులుకోనంటే నేను అర్జీ ఒప్పుకోవడం కుదరదు."

ప్రమాణం సంగతి మరిచిపోయి వదిన చెయ్యి పట్టుకున్నాను. "ఒక్క మాట వదినా. ఒక్క మాట అనేస్తే ఓటు వస్తుంది. అనకపోతే డానెలీ ఉంటాడు, ఊరేగింపు ఉండదు."

ఆవిడ చెయ్యి విదిలించుకుంది. "ఈ కిరీటం వీధిలో నడవాలనే కదా ఆ ఓటు అడుగుతున్నాను? ఓటు కోసం కిరీటాన్ని కాదంటే, ఇక డానెలీ దేనికి, ఆ పని నేనే చేసినట్టు కాదూ? ఇస్తే ఇలా ఇమ్మను. లేకపోతే ఉంచుకోమను."

అదంతా మార్చి చెప్పాను.

ఆఫీసరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఈ బిరుదు మీకు ఎవరి నుంచి వచ్చింది? తండ్రి నుంచా?"

"టోపీలోంచి."

"ఏ టోపీ?"

"జెఫెరీనో టోపీ. పెద్దది కదాని దాంట్లోనే చీటీలు వేస్తాం."

"పోర్చుగల్ ప్రభుత్వానికి దీంతో సంబంధముందా?"

"ప్రభుత్వానికా! ఏ ప్రభుత్వమైనా ఎప్పుడైనా ఎవరికైనా పులుసు పోసిందా?"

"మహారాణిగా మీకున్న అధికారాలేమిటి?"

"వచ్చినవాళ్ళకి పెట్టడం."

"మీ రాజ్యం ఎక్కడిదాకా?"

"గుండిగలో పులుసున్నంతవరకు. మా వీధి చివర మలుపు దాకా అనుకో."

"ఆ వీధి ఏ దేశంలో ఉంది?"

ఈసారి వదినకి నిజంగానే కోపం వచ్చింది. "ఏ దేశమేంటి? ఫాల్ రివర్‌లో! నలభై ఏళ్ళుగా ఆ వీధిలో మంచు ఎత్తిపోస్తున్నది నేనే!"

మిస్ హాలోవే పెన్ను తీసుకుని అర్జీలో ఏదో రాసింది. తొంగిచూసి వదినకి చెప్పాను: "లేదు అని రాసింది."

"లేదా? ఉందని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను కదా!"

"అమ్మా," అంది ఆఫీసరమ్మ నెమ్మదిగా, "ప్రశ్న విదేశపు బిరుదు గురించి. ఫాల్ రివర్ విదేశం కాదు. మీ బిరుదు ఇక్కడిది. దాని గురించి ఈ అర్జీ ఏమీ అడగలేదు. మీరు ఉంచుకోవచ్చు."

వదిన కోటు బొత్తాలు పెట్టుకుంది. తర్వాత సంచి సర్దుకుని, "ఆదివారం భోజనానికి రమ్మని చెప్పు" అంది. ఉద్యోగ ధర్మం ప్రకారం రాకూడదంది ఆఫీసరమ్మ. అయినా వచ్చి మూడు గిన్నెలు పులుసు తాగిందని నేను మనవలకి చెబుతుంటాను. వచ్చింది ఆవిడ కాకపోవచ్చు. అలాంటి కళ్ళజోడే పెట్టుకున్న ఎవరో.

ఎండాకాలంలో ప్రమాణం చేయించి పౌరురాలిని చేశారు. నవంబరులో వదిన అదే నల్ల కోటు వేసుకుని వెళ్ళి ఓటేసింది. డానెలీ ఒకే ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. పేపర్లో తేడా ఇంకా చాలా ఎక్కువ వేశారనుకోండి. పేపర్లవాళ్ళకి పెంచి రాయడం అలవాటు. తీర్మానం మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మరుసటేడు ఊరేగింపు మా వీధిలోనే నడిచింది. గుండిగల ముందు వరుసలో డానెలీ కూడా గిన్నె పట్టుకుని నిలబడ్డాడు. వచ్చినవాడికి పెట్టడం మా ఆచారం. వదిన గరిటె ముంచి అతని గిన్నె నిండా పోసి, పైన పెద్ద ముక్క వేసింది.

"కడుపునిండా తిను నాయనా. ఈ ఏడు నీకు తీరికే కదా" అంది. మార్చి చెప్పే మనిషి అక్కర్లేకుండా, ఇంగ్లీషులోనే అంది. ఆ రెండు వాక్యాలూ ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటోందో!

ఇదంతా రాసి నిన్న వదిన వంటింట్లో కూర్చుని చదివి వినిపించాను. తీపిరొట్టె పిండి పిసుకుతూ ఆఖరిదాకా వింది. పిండి చేతులు తుడుచుకుని అంది:

"ఒక్క ముక్క నిజం లేదు. నేను ఆఫీసులో నోరెత్తనే లేదు. కిరీటాన్ని కూరగాయల సంచిలో వేసుకెళ్ళడానికి నాకేమన్నా పిచ్చా? ఆ డానెలీ ఎవరో, వాడికి ఎవరు ఎంత ముక్క వేశారో నాకు తెలీదు. అసలిలాంటిదేదీ జరగలేదు, ఆమెన్."