వల అల్లే చేతులు

అరవైల మొదట్లో కావలిలో ఒక పెళ్ళికి కచేరీ చేసి, మర్నాడు సముద్రం చూద్దామని దగ్గర్లోని జాలర్ల పాలేనికి వెళ్ళాను. అక్కడి భజన కొట్టంలో ఒక్క పాట పాడమని పోలయ్య అనే పెద్దాయన బతిమాలాడు. మద్రాసు సభల్లో పాడినవాణ్ణి కదా, వాళ్ళ మీద దయతలచి ఒప్పుకున్నాను.

నేను రాగం ఎత్తుకున్నా, కొట్టంలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్న జాలర్లెవరూ వాటిని కింద పెట్టలేదు. ముడి మీద ముడి వేస్తూనే విన్నారు. నాకు ఒళ్ళు మండింది. ముగించాక, "ఎలా ఉంది?" అని అడిగాను.

"శానా బాగుండాది సామీ. మీ పుణ్యాన సగం వల అయిపోయినాది," అన్నాడు పోలయ్య సంతోషంగా. "ఇది మా తాతలు వలలు బాగుచేసుకునేదానికి కట్టుకున్న కొట్టం. చేతులకు అలుపు తెలీకుండా ఉండాలని పాట పెట్టినారు. ఇక్కడ పని ఆగేది మా ఆదెమ్మక్క పాడితేనే."

ఆదెమ్మ డెబ్బై ఏళ్ళ ముసలమ్మ. అప్పుడే అటు వచ్చిన ఆమె, పోలయ్య అడగ్గానే ఎండుచేపల గంప దింపి, చేతులు కొంగుకు తుడుచుకుని పాట అందుకుంది. గొంతు జీర. శ్రుతిపెట్టె కూడా లేదు. అయినా చుట్టూ ఉన్న చేతులన్నీ ఆగిపోయాయి. నాకు చప్పట్లు కొట్టిన చేతులు చాలానే ఉన్నాయి గాని, ఇలా ఆగిన చేతులు ఒక్క జత కూడా లేవు. కుళ్ళు ఆపుకోలేక, ఎక్కడో ఒకచోట తప్పకపోతుందా అని తొడ మీద తాళం వేస్తూ కాచుకుని కూర్చున్నాను.

పాట అయిపోయాక చూసుకున్నాను. నా చెయ్యి ఎప్పుడు ఆగిపోయిందో, తొడ మీద కదలకుండా పడి ఉంది.