యల్లమ్మకు కప్పిన శాలువా

పెద్దముడియం యల్లమ్మకు అరవై గొర్రెలు, మునెయ్య అనే మొగుడు, ఊరంతటికీ సరిపడా నోరు. మందలు కలిసిపోతే వీపు మీది రంగు గుర్తు చూసి తన జీవాన్ని ఈడ్చుకొచ్చే మనిషి. వానకు గుర్తు చెరిగితే ఎంత పోట్లాటో ఆమెకు తెలుసు. అందుకే రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక, కర్నూలులో డాక్టర్లు ఛాతీ మీద సిరాతో గీతలు గీసి చెరపొద్దంటే మళ్లీ చెప్పించుకోలేదు. ఐదు వారాలు ఆ గీతలను కాపాడుకుంది. రోజూ కొన్ని నిమిషాలు రేడియేషన్ యంత్రం కింద పడుకోవడం, లేచి రావడం. అప్పుడు నొప్పేమీ లేదు. చివర్లో చర్మం కమిలింది, నీరసం వచ్చింది, కొన్నాళ్లకు రెండూ తగ్గాయి.

ఊరి భయమే తగ్గలేదు. రేడియేషన్‌ను మనవాళ్లు కరెంటు పెట్టడం అంటారు. కరెంటు పెట్టించుకున్న మనిషిని తాకితే తమకూ అంటుతుందని చదువుకున్నవాళ్లు కూడా పక్కకు జరిగారు. సెల్‌ఫోను దిండు కింద పెట్టుకుని గురకపెట్టే వీరులే వీళ్లంతా.

ఈ భయానికి మూలపురుషుడు జమ్మలమడుగు డాక్టర్ మనోహర్. యల్లమ్మ గడ్డ చూపిస్తే ఎనిమిది నెలలు పూతమందు రాశాడు.

"పెద్దాసుపత్రికి పోతే కరెంటు పెట్టి మాడుస్తారమ్మా. ఈడనే నయం చేస్తా" అన్నాడు.

ముందే వచ్చుంటే గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చేవాళ్లమని కర్నూలులో చెప్పిన రోజు యల్లమ్మ ఏడ్చింది. అప్పటికి రొమ్ము మొత్తం తీసేయాల్సి వచ్చింది.

అలాంటి మనోహర్‌గారు మొన్న ప్రొద్దుటూరులో క్యాన్సర్ అవగాహన సభకు ముఖ్య అతిథి. క్యాన్సర్‌ను జయించిన మహిళగా యల్లమ్మకు సన్మానం. సభ మొదలయ్యే ముందు, జమ్మలమడుగులో గాజులమ్మే గుల్జార్‌బీ ఆమె చెవిలో చెప్పింది.

"నాకూ గడ్డ ఉందక్కా. ఆ సారే మూడు నెల్ల నుంచి పూతమందు ఇస్తాండాడు. కరెంటంటే శానా బయం."

సారు గంటసేపు మాట్లాడాడు. రేడియేషన్ తీసుకున్నవారిని తాకితే ఏమీ కాదని కాగితం చూసి చదివాడు. ఆ నోటితోనే యల్లమ్మను పిలిచి, శాలువా కొసలు పట్టుకుని, దండెం మీద తడిబట్ట ఆరేసినట్టు దూరం నుంచే విసిరాడు. సగం ఆమె మీద, సగం మైకు మీద పడింది. జనం చప్పట్లు కొట్టారు.

యల్లమ్మ మైకు మీది శాలువా తీసింది.

"నాకు ఎనిమిది నెల్లు పూతమందు రాసినావు సార్. ఇంగా ఎవురెవురికి రాస్తాండావో నీకే తెల్సు. నన్ను తాకితే ఏం గాదని ఇప్పుడే చదివినావు. ఏదీ, ఈ చెయ్యి పట్టుకో."

చెయ్యి చాచింది. మనోహర్ ఆ చేతిని చూశాడు, గడియారం చూశాడు, చివరికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. ఇంత మర్యాద ఆయన ఆసుపత్రిలో ఏ రోగికీ దక్కలేదు.

చాచిన చెయ్యి అలాగే ఉంది. జనంలోంచి గుల్జార్‌బీ లేచి వేదిక ఎక్కింది. సంచిలోంచి పూతమందు తీసి సారు ముందున్న పూలగుత్తి పక్కన పెట్టింది. యల్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"రేపు కర్నూలు బస్సు ఎన్నింటికక్కా?" అని మైకులోనే అడిగింది.