మా యారాలి ఎడారి బస్సు

మా యారాలు, నా తోడికోడలు, పోయిందన్న కబురు పొద్దున ఎనిమిదింటికి వచ్చింది. దవాఖానలో ఉన్న ఆమె కోసం జావ కాచి, స్టీలు డబ్బాలో పోసి మూత బిగిస్తున్నాను. మా బావగారు దర్వాజ దగ్గర నిలబడి, "ఇంక జావ వద్దమ్మా" అన్నారు. నేను మూత పూర్తిగా బిగించిన తర్వాతే డబ్బా కింద పెట్టాను. ఏ పనినీ సగంలో వదలడం నాకు చేతకాదు.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మంచే రాయాలంటారు. కానీ నేను ఈమెను చూసి పదేళ్లు కుళ్లుకున్నాను. అది దాచి రాస్తే ఇందులో ఆమె ఉండదు, నేనూ ఉండను.

వరంగల్‌లో మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. అన్నదమ్ములిద్దరూ మిల్లులో ఫిట్టర్లు. డెబ్బైల చివర లిబియాలో పనికి మనుషులను తీసుకుంటున్నారని తెలిసి, ఇద్దరూ ఒకే రైలెక్కి హైదరాబాదు వెళ్లారు. పని పరీక్షలో ఇద్దరూ నెగ్గారు. డాక్టరు పరీక్షలో మాత్రం మా ఆయన ఛాతీ ఫోటోలో ఏదో పాత మచ్చ కనిపించిందన్నారు. బావగారు విమానమెక్కారు. మా ఆయన మళ్లీ మిల్లు సైరన్‌కు లేచారు. రెండేళ్లకు బావగారు మా యారాలిని మూడు నెలలకని పిలిపించుకున్నారు. ఆ మచ్చ లేకపోతే నేనూ వెళ్లేదాన్ని కదా అన్న ఆలోచన ఆ రోజు నాలో దిగింది. మళ్లీ బయటికి రాలేదు.

ఏడేళ్ల కూతురిని నా దగ్గర వదిలి వెళ్లింది. ఆ పిల్లకు తల దువ్వాను, బడికి పంపాను, జ్వరమొస్తే పక్కన కూర్చున్నాను. అదే సమయంలో అక్కడ కంపెనీవాళ్లు కుటుంబాలను బస్సులో ఎక్కించి, ఒక ముసలి గైడును తోడిచ్చి, మూడు రోజులు ఎడారీ పాత పట్నాలూ తిప్పారట. తిరిగి వచ్చిన రోజు పిల్ల నా చెయ్యి విడిపించుకుని వాళ్లమ్మ మీదికి దూకింది. అది న్యాయమే. అయినా నా చెయ్యి చాలాసేపు ఖాళీగా అనిపించింది.

నాకు ఒక డబ్బా నిండా ఖర్జూరాలు తెచ్చింది. ఒకటి నోట్లో వేసుకుని, "మన బజార్ల దొరికేటియే నయం అక్కా" అన్నాను.

"అట్లనా? అయితే నువ్వు బజార్ల కొనుక్కో చెల్లె, ఇవి నేనే తింట" అని నవ్వుతూ డబ్బా లాక్కుంది. సాయంత్రానికి అది మళ్లీ నా వంటింటి గూట్లో ఉంది. అంత తీయటి పండు నేను అంతకుముందు తినలేదు. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

ఎండాకాలం వడియాలూ అప్పడాలూ ఆరబెట్టి, కాకులు రాకుండా గల్లీ ఆడవాళ్లంతా మా వసారాలో కూర్చునేవారు. అక్కడే మొదలైంది ఆమె బస్సు. చాపలు రెండేసి చొప్పున వరసగా పరిచేది. ఆ ముసలి గైడు చేసినట్టు రెండుసార్లు చప్పట్లు కొట్టేది. అన్నానికి పిల్లలను పిలవడానికి కూడా అవే చప్పట్లు. నాకు ఒళ్లు మండేది.

"ఎక్కుండ్రి, ఎక్కుండ్రి. నీళ్ల సీసలు పట్టుకున్నరా? నడుమల చెట్టు కూడ ఉండది."

"ఓ పిల్లా, నాకు ముందు సీటియ్యి. మోకాళ్లు ముడుస్తలెవ్వు" అనేది కిరాణం దుకాణం పెద్దమ్మ.

"డ్రైవర్ సీటే ఇస్త పెద్దమ్మా. ఎడారిల ఎవలను గుద్దుతవ్?"

మొదట సముద్రం ఒడ్డున రాతి పట్నం. అక్కడ పాత నాటకశాల, మూడంతస్తుల స్తంభాలు. "మన వేయిస్తంభాల గుడిల స్తంభంల మొఖం చూసుకోవచ్చు. వాటికి ఆ నునుపు లేదు" అనేది. తర్వాత కొండ మీద మట్టి కోట, దాని నిండా తేనెపట్టులాగా చిన్న చిన్న కొట్లు, ఇంటికి ఒకటి. వెనకటి రోజుల్లో ధాన్యం, నూనె అందులో దాచుకునేవారట. ఎవరి కొట్టు ఏదో, దేంట్లో ఎంత ఉందో, అన్నీ ఒక్క మనిషి చూసుకునేవాడట.

మొదటిసారి ఈ కథ చెప్పినప్పుడు నేనూ బస్సులోనే ఉన్నాను. కిటికీ పక్క చాప నాది. కొట్ల దగ్గరికి రాగానే ఆమె, "గా కావలి పని మా చెల్లెకిస్తే గింజ అటిటు కాదు. డబ్బ డబ్బకు చీటి అంటిస్తది" అన్నది. అందరూ పకపకా నవ్వారు.

నిజమే, ఏ డబ్బా ఏ రోజు తెరిచానో చీటి రాసి అంటించడం నాకు అలవాటు. కానీ ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. దేశాలు తిరిగేది ఈమె, కొట్లు కాసేది నేనా? లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. మళ్లీ ఆ చాప మీద కూర్చోలేదు.

కానీ వంటింటికీ వసారాకూ నడుమ ఒక్కటే గోడ. మరుసటి వారం బస్సు కదిలినప్పుడు నేను బియ్యం ఏరుతున్నాను. ఆమె రాతి పట్నం దాటించి, కొట్ల కోట ఊసే ఎత్తకుండా ఖర్జూర చెట్ల దగ్గరికి వెళ్లిపోయింది. వరస తప్పితే నేను ఊరుకోలేను. నోరు దానంతటదే లేచింది.

"కొండ మీది కొట్లేవి అక్కా? అవి దాటకుంట ఎట్ల పోతానవ్?"

వసారా గొల్లుమంది. "ఎవలది లోపల? టికెట్ లేని ప్యాసింజరా?" అని కేక వేసింది. "రా చెల్లె, జర కూసో. నీ కిటికీ సీటు అట్లనే ఉన్నది."

"నాకు పనున్నది" అన్నాను.

ప్రతి ఎండాకాలం ఇదే. ప్రతిసారీ కొట్ల కోట దగ్గర ఆమె మరిచిపోయేది, నేను గోడవతల నుంచి అందించేదాన్ని. ఆ సీటులో మాత్రం ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. వెళ్లి చూసి వచ్చిన ఆమెకు గుర్తులేనిది వెళ్లని నాకు గుర్తుందని లోలోపల గర్వపడేదాన్ని. నిజానికి ఆ దారంతా నాకు కంఠతా వచ్చేసింది. ఎడారి నడుమ ఊట నీళ్ల పక్కనున్న ఆ మట్టి ఊళ్లో కింది గల్లీలు మగవాళ్లవి, మీది మిద్దెలు ఆడవాళ్లవి అట. ఒక మిద్దె నుంచి ఇంకో మిద్దెకు నడిచి ఆడవాళ్లు ఊరంతా తిరిగి వచ్చేవారట. "మా అత్త మిద్దె మీదికి కూడ వస్తది" అని పెద్దమ్మ అంటే, గోడవతల నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని, ఎవరికీ వినబడకుండా.

ఈ ఏడు ఎండలు మొదలయ్యేసరికి ఆమెకు ఆయాసం ఎక్కువైంది. దవాఖానలో చివరి సాయంత్రం జావ తాగిస్తుంటే, "ఒక్కసారన్న బస్సెక్కకపోతివి చెల్లె" అన్నది.

"పనెక్కువ అక్కా" అన్నాను. అప్పుడు కూడా అదే మాట వచ్చింది.

పదకొండో రోజు తంతు ముగిశాక మధ్యాహ్నం గల్లీ ఆడవాళ్లు వసారాలో కూర్చున్నారు. ఎవరూ చెప్పకుండానే ఇద్దరిద్దరుగా, వరసగా. కిటికీ పక్కన మాత్రం వదిలేశారు. ఆ రోజు కూడా కుళ్లుకున్నాను. నా కోసం ఎవరు ఇట్లా కూర్చుంటారు?

పదహారేళ్లు దాటిన ఆమె కూతురు నా పక్కకు వచ్చింది. "చిన్నమ్మా, దారంత నీకే ఎరుక. నువ్వు చెప్పు."

"మీ అమ్మనే మరిచిపోయేది, నాకెట్ల ఎరుకైతది?"

"అమ్మ ఎన్నడు మరువలే చిన్నమ్మా. కావాల్నని ఇడిసిపెట్టేది. మొదటిసారి నీకు కోపమొచ్చిందని ఇడిసిపెట్టిందట. నువ్వు లోపల్నుంచి మాట్లాడేసరికి, ఇగ రోజు గట్లనే చేసింది. 'అది ఇడిసిపెడితెనే మీ చిన్నమ్మ బస్సుల మాట్లాడుతది' అనేది."

ముందుకు వచ్చి నిలబడి రెండు చప్పట్లు కొట్టాను. ఆమె చప్పట్ల మోత నా చేతులకు రాలేదు. పెద్దమ్మకు ముందు సీటు ఇచ్చాను. నీళ్ల సీసాలు అడిగాను. సముద్రం ఒడ్డు పట్నంలో దింపి, స్తంభాలు చూపించి, మళ్లీ ఎక్కించాను. కొండలు వచ్చాయి.

"ఇగ ఖర్జూర చెట్లు కనబడుతానయి. కొంగులు సర్దుకోండ్రి" అన్నాను. కొట్ల కోట పేరెత్తలేదు.

గోడవతల నుంచి మాట రావాలన్నట్టు ఆగాను. పెద్దమ్మ తల మెల్లగా వంటింటి వైపు తిరిగింది. తర్వాత ఒక్కొక్కరుగా అందరి తలలూ తిరిగాయి. లోపల ఎవరూ లేరు. ఎండగాలికి పరదా ఒకసారి కదిలింది. బయట పక్కింటివాళ్ల వడియాల మీద కాకి వాలినా ఎవరూ లేవలేదు.