పసుపు వైరు, ఎర్ర వైరు

మా పెదనాన్నకి రైళ్ళంటే ఇష్టం లేదు. ఈ ముక్క ముందే చెప్పాలి. నరసరావుపేటలో ఇప్పుడు అందరూ ఆయనకి రైళ్ళ పిచ్చి అనుకుంటున్నారు మరి. ఆయన రైలెక్కి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. ఆయనది పత్తి వ్యాపారం. ఆయన వీధి చివర ఉండే ఇంకో పత్తి వ్యాపారి తన ఇంటి ముందు పాటకి తగ్గట్టు ఎగిరే ఫౌంటెన్ పెట్టించాడు. సాయంత్రమైతే జనం ఆగి ఫోన్లలో వీడియోలు తీసుకుంటున్నారు. పెదనాన్న అది చూసి తట్టుకోలేకపోయాడు. రైళ్ళు అందుకే వచ్చాయి.

చెన్నైలో ఎవరో పెద్దాయన జీవితమంతా బొమ్మ రైళ్ళు పోగుచేసుకుని చనిపోయారట. ఇంట్లోవాళ్ళు గది ఖాళీ చేసుకోవాలనుకుంటున్నారని తెలిసి, పెదనాన్న మొత్తం ఒకేసారి కొని, పత్తి దించి తిరిగొచ్చే లారీలో వేయించి తెప్పించాడు. పట్టాలు, ఇంజన్లు, సిగ్నళ్ళు, అరచేతిలో పట్టే స్టేషన్లు, అట్టపెట్టెల నిండా మోటార్లు. ప్రతి పెట్టె మీదా ఆ పెద్దాయన చిన్న చిన్న అక్షరాలతో లోపల ఏముందో, ఏ రంగు వైరు దేనికో రాసి పెట్టుకున్నారు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు గౌరవం కలిగింది ఆ ఒక్క మనిషి మీదే. ఆయన్ని నేను చూడలేదు కాబట్టి కూడా కావచ్చు.

గోడౌను పైనున్న పొడుగాటి హాలులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా బల్లలు వేయించారు. వచ్చినవాళ్ళు కుర్చీల్లో కూర్చుని చూడాలని పెదనాన్న వాటిని మోకాళ్ళెత్తులో చేయించాడు. కింద దూరి పనిచేసేది ఆయన కాదుగా. బల్లల మీద నరసరావుపేట నుంచి గురజాల మీదుగా మాచర్లకి తిన్నగా ఒక లైను. అలాంటి లైను భూమ్మీద ఎక్కడా లేదు. ఇక్కణ్ణించి మాచర్లకి మనుషులు బస్సులో పోతారు.

“రైల్వే వాళ్ళు ఎయ్యలేంది నేనేశా,” అన్నాడు పెదనాన్న. ఆ మాట కనపడ్డవాళ్ళందరితో అన్నాడు. పెట్టెల్లో వచ్చిన ఇళ్ళు ఎక్కడో చలిదేశానివి. వాటి వాలు కప్పుల మీద మంచు అంటించి ఉంది. అవి తీసుకెళ్ళి గురజాలలో పెట్టారు. గురజాలలో మంచు కురుస్తుండగా పక్కన కల్లాల్లో మిరపకాయలు ఆరుతున్నాయి. ఎవరికీ తప్పుగా అనిపించలేదు.

నేను ఎలక్ట్రానిక్స్‌లో బీటెక్ పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. ఇంట్లో ఉన్నానంటే మా వాళ్ళ దృష్టిలో ఖాళీగా ఉన్నానని. మా ఇల్లు పెదనాన్న వాళ్ళకి రెండు వీధుల అవతల. ఒకరోజు ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడి పిలిచాడు.

“ఏమే, ఆ పుస్తకాల్లో మొహం పెట్టుకోని కూచునే బదులు వచ్చి ఆ వైర్ల సంగతి చూడరాదూ?”

నలుగురిలో నాకు నోరు పెగలదు. రాను అని చెప్పడానికి కూడా నోరు కావాలి. కాబట్టి వెళ్ళాను.

అక్కడ అప్పటికే ఒక ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. ఊళ్ళో సగం ఇళ్ళకి వైరింగ్ చేసిన మనిషి. నేను బాబాయ్ అంటాను. ఆయన నన్ను “ఇంజనీరమ్మా” అనేవాడు, ఆ మాట అన్నప్పుడల్లా పెదనాన్న వైపు చూసి నవ్వేవాడు. రైళ్ళకి ఒక కరెంటు, మిగతా వాటికి, అంటే సిగ్నళ్ళకీ దీపాలకీ పట్టాలు మార్చే మోటార్లకీ వేరే కరెంటు ఉండాలని చెన్నై పెద్దాయన రెండు ట్రాన్స్‌ఫార్మర్లు విడివిడిగా రాసి పెట్టుకున్నారు. బాబాయ్ రెండోది తీసి కిటికీలో పెట్టాడు. “ఒకటి చాల్లే. ఇంతింత రైళ్ళకి రెండెందుకు?”

అసలు ముచ్చట వైరు కొనేటప్పుడు వచ్చింది. బాబాయ్ చీటీలో ఎరుపు, నలుపు అని రాస్తే పెదనాన్న చీటీ లాక్కున్నాడు.

“శుభమా అని మొదలుపెడతా నల్ల వైరేందిరా?”

“న్యూట్రల్‌కి నలుపే గదన్నా ఏస్తాం.”

“నీ ఇంట్లో ఏసుకో. ఇక్కడ పసుపు తేరా. పసుపూ ఎరుపూ. పసుపు కుంకాల్లాగా ఉండాల.”

నీలం, ఆకుపచ్చ కూడా తెస్తే గుర్తుపట్టడం తేలికని నేను అన్నాను. అన్నాననే అనుకుంటున్నాను. ఎవరూ నా వైపు తిరగలేదు. చుట్టలు చుట్టలుగా పసుపు, ఎరుపు వైర్లు వచ్చాయి. రెండు వారాల్లో బల్లల కింద కొన్ని వందల తీగలు, అన్నీ రెండే రంగులు. పండక్కి గడపలు అలంకరించినట్టుంది. ఏది దేనికి పోతుందో ఆ దేవుడికే తెలియాలి.

తర్వాత స్విచ్చులు. రైలు ఒక పట్టా మీంచి ఇంకో పట్టాకి మారే చోటుని పాయింటు అంటారు, దాని కింద చిన్న మోటారు ఉంటుంది. పేరుకే మోటారు, నిజానికి రెండు తీగచుట్టలు. వాటికి ఒక్క క్షణం కరెంటు తగిలితే టక్కుమని పట్టాని పక్కకి తోస్తాయి. ఆపకుండా ఇస్తే కాలిపోతాయి. వీటికి కాలింగ్ బెల్ స్విచ్చుల్లాంటివి కావాలి, నొక్కి వదిలేవి. బాబాయ్ ఇళ్ళల్లో ఫ్యానుకి పెట్టే స్విచ్చులు బిగించాడు. ఈసారి నేను గొంతు పెంచి, బెల్ స్విచ్చులు పెట్టాలని చెప్పాను.

పెదనాన్న పడీ పడీ నవ్వాడు. “ఇంటికి ఒక బెల్లు చాలు గదే. ఇరవై బెల్లులెందుకు? చుట్టాలెవరొస్తన్నారు?”

బాబాయ్ కూడా నవ్వాడు. మర్నాడు పెదనాన్న ఒక స్విచ్చు వేసి, దాన్ని అలాగే వదిలేసి, వచ్చినవాళ్ళకి తన లైను గురించి చెబుతూ ఉండిపోయాడు. గురజాల దగ్గర మంచు ఇంటి వెనక నుంచి పొగ లేచింది. చూడవచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టారు, బొగ్గింజను పొగ అనుకుని. మూడు మోటార్లు పోయాక బెల్ స్విచ్చులు వచ్చాయి. అది తన ఆలోచనేనని బాబాయ్ చెప్పాడు. పెదనాన్న ఆయన్ని మెచ్చుకున్నాడు.

ఇవన్నీ నేను రాసుకునేదాన్ని. ఇంటర్ మొదటి ఏడాది నుంచి నాకు డైరీ అలవాటు. పొడుగు నోటుబుక్కు, బ్రౌన్ అట్ట. సంచిలో ఎప్పుడూ అదే ఉండేది కాబట్టి వైర్ల వివరాలు కూడా అందులోనే రాశాను. ప్రతి వైరు చివరా దెబ్బలకి వేసే తెల్ల టేపు చుట్టి అంకె వేశాను. ఆ అంకె ఎక్కడికి పోతుందో నోటుబుక్కులో. ఆ పక్కనే ఆ రోజు జరిగింది. పేజీలు ఇలా ఉండేవి: “ఇరవై ఆరు, గురజాల ఎడమ పాయింటు. పెదనాన్న ఈరోజు కరెంటు పల్లానికి బాగా పారుతుందని సెలవిచ్చాడు. ఇరవై ఏడు, గురజాల సిగ్నల్ ఎర్ర లైటు. బాబాయ్‌కి తెలియని సంగతి లేదు, తెలిసిన సంగతీ లేదు.” పెద్దమ్మ గురించి కూడా ఉంది. ఆవిడ రోజూ పైకి తెచ్చే కాఫీని ఒకచోట బొగ్గు కడిగిన నీళ్ళన్నాను. ఇంకోచోట, ఆవిడకి రైలుకీ చీర అంచుకీ తేడా తెలియదన్నాను.

నోటితో అనలేనివన్నీ అందులో ఉన్నాయి. ఎవరైనా చదివితే ఇక ఆ ఇంటి గుమ్మం తొక్కలేను, మా నాన్న తన అన్న ముందు తలెత్తుకోలేడు.

అన్నీ కలిపాక మాచర్ల పనిచేయలేదు. హాలు ఆ చివర దీపాలు మిణుకుమిణుకుమన్నాయి, రైలు కదిలితే ఆరిపోయాయి. పాయింట్లు సగం కదిలి ఆగిపోయాయి.

“లోడెక్కువైందన్నా,” అన్నాడు బాబాయ్.

“లోడు కాదురా, మాచర్ల ఈశాన్యంలో పడింది. బరువంతా ఆడ పెట్టాం,” అన్నాడు పెదనాన్న.

వాళ్ళిద్దరూ కారేసుకుని సత్తెనపల్లి నుంచి సిద్ధాంతిని తేవడానికి వెళ్ళారు. బాబాయ్ వేసింది సీరియల్ లైట్లకి వాడే సన్న వైరు. అందులో అంత దూరం పోయేసరికి కరెంటు నీరసపడుతుంది, అంతకన్నా ఏమీ లేదు. వాళ్ళు వచ్చేలోగా నేను బల్లల కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా పంపు మోటార్లకి వాడే లావు వైరు జత ఒకటి లాగాను. ఎక్కడికక్కడ దాన్నుంచి చిన్న ముక్కలతో దీపాలకీ పాయింట్లకీ కలిపాను. కిటికీలోని రెండో ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చి దానికి బిగించాను. సిద్ధాంతి వచ్చి, బల్లంతా చూసి, మాచర్ల స్టేషన్ని జానెడు పడమటికి జరపమన్నారు. జరిపారు. స్విచ్చు వేశారు. మాచర్ల దేదీప్యమానంగా వెలిగింది. పెదనాన్న ఆయన కాళ్ళకి దండం పెట్టాడు. నేను ఇంటికొచ్చి నాలుగు పేజీలు రాశాను.

ప్రారంభోత్సవానికి ఒక నాయకుణ్ణి పిలిచారు. ఆ రోజు పొద్దున్నే టెంట్ హౌస్ వాళ్ళు వచ్చి, పెళ్ళి స్టేజీకి కట్టినట్టు బల్లల చుట్టూ గులాబీ రంగు శాటిన్ గుడ్డ కుచ్చిళ్ళు పెట్టి గుండుసూదులు గుచ్చారు. బల్లల కింది తీగలు అసహ్యంగా కనిపిస్తున్నాయని పెదనాన్నే పురమాయించాడు. గుడ్డ ఒకచోట ముడతపడిందని ఒకతను కొస పట్టుకుని గట్టిగా లాగాడు. సూదులు వైర్ల కట్టలోకి కూడా దిగి ఉన్నాయి. కట్ట మొత్తం, స్విచ్చుబోర్డు కింది స్క్రూల నుంచి ఊడి, గుడ్డతో పాటు బయటికొచ్చింది. అతను చేతిలో తీగలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఏందిరా నువు పీకింది?” అన్నాడు పెదనాన్న. నాయకుడు బయల్దేరాడని అప్పుడే ఫోను వచ్చింది.

బాబాయ్ కట్ట చూశాడు. పసుపు, ఎరుపు, పసుపు, ఎరుపు. “అన్నా, ఇది నా వల్ల కాదు. అన్నీ ఒకటే రంగు,” అన్నాడు. ఆ రంగు ఎవరు తెమ్మన్నారో మాత్రం అనలేదు. “ఇంజనీరమ్మ బుక్కులో రాసుకుంది. ఆ అంకెలు చూసుకోని బిగిస్తే సరిపోద్ది.”

పెదనాన్న చెయ్యి చాచాడు. “ఇయ్యవే. నేను చదువుతా. నువ్వు కిందకి దూరు.”

కింద పడుకుని, రెండు చేతులతో బిగిస్తూ నేను టేపు మీది అంకె చెప్పాలి. పైనుంచి ఒకరు పుస్తకం చూసి అదేమిటో చెప్పాలి. ఇద్దరు లేకుండా ఆ పని సమయానికి కాదు. నేను సంచిని గుండెకి అదుముకుని నిలబడ్డాను.

“మీరొద్దు పెదనాన్నా,” అన్నాను. “పెద్దమ్మ చదువుతుంది.”

పెద్దమ్మని ఎందుకు ఎంచుకున్నానో దాచను. ఆవిడ ఏడో తరగతి దాకే చదివింది. క్యాలెండర్‌లో తిథులు తప్ప చదవగా నేను చూడలేదు. అంకె, దాని పక్కన రెండు మాటలు కూడబలుక్కుని చదువుతుంది, మిగతా వాటి జోలికి పోయే ఓపిక ఉండదు అనుకున్నాను.

పెద్దమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, పట్టుచీరతో స్టూలు మీద కూర్చుని పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. నేను శాటిన్ గుడ్డ ఎత్తి లోపలికి దూరాను.

“ఒకటి,” అన్నాను.

“నరసరావుపేట ప్లాట్‌ఫారం లైట్లు,” అంది పెద్దమ్మ. తడుముకోలేదు.

“రెండు.”

“నరసరావుపేట మొదటి పాయింటు.”

వేగంగానే సాగింది. ఇరవై ఆరు దగ్గర జవాబు రాలేదు. స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎదురుచూశాను. గుడ్డ కింద నుంచి నాకు ఆవిడ పాదాలు, వెండి మెట్టెలు కనిపిస్తున్నాయి. ఒక బొటనవేలు కదులుతోంది.

“పెద్దమ్మా, ఇరవై ఆరు.”

“చెప్తన్నా ఆగవే. ఇక్కడ రాత చానా ఉంది.”

“ఏం రాసింది?” పెదనాన్న గొంతు దగ్గరికొచ్చింది.

“వైర్ల సంగతులు. మీకర్థం కావులే, అవతలికి పొండి.” ఆయన చెప్పులు దూరంగా వెళ్ళాయి. “గురజాల ఎడమ పాయింటు,” అంది పెద్దమ్మ.

అక్కణ్ణించి ప్రతి నాలుగైదు అంకెలకీ ఒక ఆగడం. ఒకసారి దగ్గు లాంటి చప్పుడు, అది దగ్గు కాదు. నలభై ఒకటి దగ్గర చాలాసేపు ఆగింది. అది కాఫీ పేజీ. నేను అప్పటికే బిగించిన స్క్రూనే మళ్ళీ బిగించాను.

“మాచర్ల గూడ్సు పట్టా,” అంది చివరికి, మామూలుగానే.

నాయకుడు వచ్చి బటన్ నొక్కాడు. రైలు మంచు కురిసే గురజాల దాటి మాచర్ల చేరింది. “పొగ రాదా దీనికి?” అని అడిగాడు. మొన్న వచ్చిందని ఎవరో చెప్పారు. “వైరింగంతా నేనే దగ్గరుండి చేయించా,” అన్నాడు పెదనాన్న. ఫౌంటెన్ వ్యాపారి కూడా వచ్చాడు, రెండు నిమిషాలుండి వెళ్ళిపోయాడు. పెదనాన్నకి కావలసింది ఆ రెండు నిమిషాలే.

అందరూ కింద భోజనాలకి వెళ్ళాక పెద్దమ్మ నా దగ్గరికొచ్చింది. ఒక చేతిలో నా నోటుబుక్కు, ఇంకో చేతిలో గ్లాసు.

“బొగ్గు కడిగిన నీళ్ళు తెచ్చా. తాగుతావా?”

గ్లాసు తీసుకున్నాను.

“మీ పెదనాన్న గురించి రాసిందాంట్లో ఒక్క అబద్ధం లేదు,” అంది స్టూలు మీద కూర్చుంటూ. “ఆ ఎలక్ట్రీషియన్‌కి ఇంకా నాలుగు మాటలు పడాల్సింది. నా గురించి రాసిందాంట్లో ఒక్కటే తప్పు. రైలుకీ చీర అంచుకీ తేడా నాకు తెల్సు.”

తల వంచుకుని కాఫీ తాగాను. అది నిజంగానే బొగ్గు కడిగిన నీళ్ళలా ఉంది. ఆ మాట మార్చలేను. చీర అంచు మాట మాత్రం ఆవిడ చూస్తుండగానే పెన్ను తీసి కొట్టేశాను.

పెద్దమ్మ వంగి ఆ గీత చూసింది. “సిద్ధాంతి వచ్చిన రోజుది నాలుగు పేజీలుంది,” అంది. “అంకెల మధ్యలో సరిగ్గా చదవలా. ఇటియ్యి.”

కింద నుంచి పెదనాన్న ఆవిడని వడ్డనకి పిలుస్తున్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని పేజీ తిప్పింది.