బొట్టు పెట్టాక వాపసు లేదు

చేసిన పాపం చెప్పుకుంటే పోతుందంటారు. పోయేదైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ని, నేనంత తెలివితక్కువవాణ్ని కాదు. పోదని తెలిసే ఇన్నేళ్లు లోపల పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే మోయడం పెద్ద కష్టం కూడా కాలేదు. వేళకు తిన్నాను, పడుకోగానే నిద్రపోయాను, వ్యాపారం పెంచుకున్నాను. కానీ ఎవరైనా "జర తలుపు తియ్యి" అంటే మాత్రం వెన్ను చల్లబడుతుంది. ఎండాకాలంలో అయినా సరే. మీకెందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు, కనకక్క ఎవరో మీకు తెలియదు.

కనకక్క గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైనులోనే, రెండిళ్ల అవతల ఉండేది. ఆమె భర్త మల్లయ్య బావ, మా నాయన ఒకే బాయిలో పనిచేశారు. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. మా అమ్మ నెలల తరబడి దవాఖానలో ఉన్నప్పుడు నాకు ముద్ద కలిపి పెట్టింది కనకక్కే. ఆమెకు పిల్లలు లేరు. నన్ను తమ్మీ అనేది, ప్రేమ ఎక్కువైతే బిడ్డా అనేది. ఈ సంగతి దాచి కూడా కథ చెప్పవచ్చు. దాస్తే నేను కాస్త మర్యాదస్తుడిలా కనబడతాను. అందుకే ముందే చెప్పేశాను.

నేను బాయిలోకి దిగలేదు. చౌరస్తా దగ్గర ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, ఏసీలు అమ్మే ఒక షోరూములో సేల్స్ చూసేవాణ్ని. రాష్ట్రం రావడానికి ఇంకా కొన్నేళ్లుంది. కార్మికుల చేతిలో నికరమైన జీతం, దసరా ముందు లాభాల్లో వాటా, క్వార్టర్లలో కరెంటు ఉచితం. పైన రామగుండం ఎండ. ఇంతకంటే మంచి సంత ఎక్కడ దొరుకుతుంది? అయినా మా ఓనరుకు తృప్తి లేదు. నన్ను హైదరాబాద్ పంపి శిక్షణ ఇప్పించాడు.

అక్కడ టై కట్టుకున్న ఒకాయన మనిషి మనసును చేపను కోసినట్టు కోసి చూపించాడు. ప్రవర్తనా ఆర్థికశాస్త్రం అన్నాడు. మనిషి లెక్కలు వేసి కొనడట, భయపడి కొంటాడట. వచ్చేదాన్ని చూసి మురిసినదానికంటే పోయేదాన్ని తలుచుకుని ఎక్కువ ఏడుస్తాడట. ఒకసారి 'నాది' అనుకున్న వస్తువు వదలాలంటే ఒంట్లో ముక్క తీసినట్టు ఉంటుందట. అందుకే ముందు వస్తువును ఇంట్లో పెట్టండి, కొనమని తర్వాత అడగండి అన్నాడు. మిగతావాళ్లు రాసుకున్నారు. నేను రాసుకోలేదు. నాకు అప్పటికే మా లైనులో ఇళ్లన్నీ కళ్ల ముందు తిరుగుతున్నాయి.

తిరిగి రాగానే పథకం పెట్టాం. తీసుకెళ్లండి, పది రోజులు వాడుకోండి, నచ్చకపోతే వాపసు. మా జనం ఆ టై ఆయన పుస్తకాలు చదవలేదు కదా, నిక్షేపంగా వాడుకుని వాపసు తెచ్చారు. ఒకాయన బిడ్డ పుట్టువెంట్రుకల దావత్‌కు ఫ్రిజ్ తీసుకెళ్లి, దావత్ అయిన మర్నాడు కూర వాసనతో సహా తెచ్చి దింపాడు. ఓనరు నా మీద మండిపడ్డాడు. అప్పుడు గమనించాను. వాపసు వచ్చిన ఏ వస్తువు మీదా పసుపు, కుంకుమ లేవు. బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టిన వస్తువు ఒక్కటీ వెనక్కి రాలేదు. మా దగ్గర సైకిల్ కొన్నా, కుట్టుమిషన్ కొన్నా ముందు బొట్టు పెడతారు. పెట్టాక అది ఇంటి మనిషి. వెళ్లగొడితే ఇంటి లక్ష్మి వెళ్లిపోయినట్టు.

హైదరాబాద్ ఆయనకు ఇది తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు నేను పడిన సంతోషం నా పెళ్లిరోజు కూడా పడలేదు.

మర్నాటి నుంచి మా ఫిట్టర్ సంచిలో స్క్రూడ్రైవర్‌తో పాటు కొబ్బరికాయ, పసుపు కుంకుమ పొట్లం, కర్పూరం పెట్టాం. 'షోరూము తరఫున శుభాకాంక్షలు' అని చెప్పించాం. వస్తువు బిగించగానే ఇంటావిడతో బొట్టు పెట్టించాలి, ఇంటాయనతో కాయ కొట్టించాలి. క్రైస్తవుల ఇళ్లలో చిన్న ప్రార్థన చేయించమన్నాను. ప్రార్థన చేసినదాన్నీ ఎవరూ తిప్పి పంపలేదు. దేవుళ్లందరినీ జీతం లేకుండా పనిలో పెట్టుకున్నాను. ఓనరు నా వీపు తట్టాడు.

ఆ వేసవిలోనే కనకక్క షాపుకు వచ్చింది. ఒక చిన్న ఫ్యాను కావాలంది.

మల్లయ్య బావ అప్పటికి డ్యూటీ మానేశాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. పడుకుంటే ఊపిరి ఆడదు, మంచం మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, ముఖం కిటికీకి పెట్టుకుని ఉండేవాడు. ఆ గదికి ఉన్నది అదొక్కటే కిటికీ. ఈ దుమ్ములో ఉంచకండి, గాలి తగిలే చోటికి తీసుకెళ్లండి అని డాక్టరు చెప్పాడట. జైపూర్ వైపు ఉన్న వాళ్ల ఊళ్లో బావ వాటాకు వచ్చిన జాగాలో గది కట్టుకోవాలని, ముగ్గు పోసి వచ్చారు. నాలుగు పక్కలా కిటికీలు పెట్టిస్తానని కనకక్క నాకు చేతులు తిప్పి మరీ చూపించింది. గదికి పెట్టుకున్న డబ్బు ఉంది, మేస్త్రీని మాట్లాడుకున్నారు, అది లేచేలోపు బావకు కాస్త గాలి తగిలితే చాలు. అందుకే ఫ్యాను.

ఫ్యాను ఇచ్చి పంపవచ్చు. ఎందుకు పంపలేదు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో! కమీషన్ కోసమా? ఆ నెల కమీషన్ నాకు లోటు లేదు. పగా? ఆమె మీద నాకేం పగ? తిరగేసి మరగేసి చూసుకుంటే చివరికి తేలేది ఒకటే, నా విద్య పనిచేస్తుందో లేదో చూసుకోవాలనే దురద. కొత్త కత్తి కొన్నవాడు దారిలో కనబడ్డ కొమ్మనల్లా నరికి చూసుకుంటాడే, అది.

ఆమెను ఫ్యాన్ల వైపు తీసుకెళ్లలేదు. ఒక కూలర్ చూపించాను. దాని పక్కనే చిన్న కిటికీ ఏసీ. కూలర్ ధర కావాలనే ఏసీకి దగ్గరగా పెట్టాం. ఆ కూలర్ అమ్మడానికి పెట్టింది కాదు, కాదనిపించడానికి పెట్టింది. దాన్ని చూశాక ఎవరికైనా ఏసీ చవకగా కనబడుతుంది. కొనమని నేను అనలేదు. కరెంటు కంపెనీదే కదా అన్నాను. లైనులో ఎవరెవరి ఇంట్లో పెట్టారో పేర్లు చెప్పాను. గది లేచేదాకా బావను ఈ ఉడుకులో కూర్చోబెడతావా అన్నాను. ఆ చివరి మాటకు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నచ్చకపోతే వాపసు ఇద్దువులే, డబ్బు ఎక్కడికీ పోదు అన్నాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటారే, అది ఇంతకంటే శుభ్రంగా ఎవరూ చేయలేరు.

ఫిట్టర్ వెళ్లి కిటికీ రెక్కలు పీకేసి, అక్కడ ఏసీ కూర్చోబెట్టి, సందులన్నీ చెక్కముక్కలతో మూసేశాడు. కనకక్క బొట్టు పెట్టింది. బావ కాయ కొట్టాడు.

గడువు ఇంకా ఉండగానే ఆమె మళ్లీ వచ్చింది. మిట్టమధ్యాహ్నం, నెత్తిన కొంగు కప్పుకుని, నడిచి వచ్చింది. షాపులో కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మీ, బావకు ఆ సల్లగాలి పడ్తలేదురా. దగ్గు ఇంకింత ఎక్కువైంది. జర తలుపు తియ్యి, జర తలుపు తియ్యి అంటండు. కిటికీ లేకపాయె. దాన్ని తీస్కపోరి బిడ్డా."

"తీస్కపోతం అక్కా, దానికేంది? రేపే మనిషిని తోలుత," అన్నాను. తర్వాత, ఏదో అప్పుడే గుర్తొచ్చినట్టు, "బొట్టు పెట్టినవ్ గదా దానికి?"

"పెట్టిన."

"కాయ ఎవలు కొట్టిన్రు?"

"మీ బావనే. శాతగాకున్నా లేసి కొట్టిండు."

"నాదేం పోయింది అక్కా, ఇంకొకలకు అమ్ముకుంట. గని బావ గీ హాలత్‌ల ఉన్నడు. బావ చేత్తోని కాయ కొట్టిన లక్ష్మిని నువ్వే గడప దాటిస్తనంటే... నేనేం చెప్ప, నీ ఇష్టం."

ఆమె చెయ్యి మెడలోని పుస్తెల మీదికి పోయింది.

"అట్లనకు తమ్మీ. ఉండనియ్యి. ఉండనియ్యి బిడ్డా, నేనేదో తెల్వక అన్న."

"చాయ్ తాగిపో అక్కా," అన్నాను. తాగలేదు. గాజు తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయింది. నేను ఫిట్టర్ వైపు చూసి కన్ను కొట్టాను. అవును, కొట్టాను. ఇది చెప్పకుండా దాటేద్దామని చూశాను, చేతకాలేదు.

గది లేవలేదు. దానికి పెట్టుకున్న డబ్బు ఏసీకి పోయింది కదా, మేస్త్రీ వేరే పని చూసుకున్నాడు. ఏసీ గదిలో ఉండలేక బావ మంచం బయట వేసుకున్నాడు, బొగ్గు లారీలు పోయే రోడ్డు పక్కన. తొలకరి పడకముందే, ఆ మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గది కట్టి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ ఊపిరితిత్తులతో ఎన్నాళ్లు ఉండేవాడో డాక్టరు కూడా చెప్పలేడు. ఈ వాదన నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ కడుపు నిండా తిన్నాను. కానీ చివరి రోజులైనా కిటికీ పక్కన ఉండేవాడు. అది మాత్రం తెలుసు.

ఇంతవరకు చెప్పింది నా తప్పులో చిన్న భాగం. పెద్దది ఇప్పుడు చెబుతాను.

బావ పోయిన కొన్నాళ్లకు కనకక్క క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊళ్లో మరిది ఇంటి వెనక కొట్టంలో ఉంటానంది. నేనూ, నా భార్యా సామాను సర్దడానికి వెళ్లాం. చూశారా, అలాంటి మర్యాదలకు నేనెప్పుడూ తక్కువ చేయలేదు. ఏసీ కిటికీలోంచి ఊడదీసి నేల మీద పెట్టి ఉంది. పసుపు, కుంకుమ తాజాగా ఉన్నాయి, ఇరుగుపొరుగు ఎవరితోనో పెట్టించినట్టుంది. నాలో ఏదో కదిలింది. జాలి అనను, ఆ మాటకు నాకు హక్కు లేదు.

"అక్కా, దీన్ని నేను తీస్కపోత. ఓనరుతో మాట్లాడి పైసలు వాపస్ ఇప్పిస్త. ఊళ్లె గది కట్టుకో," అన్నాను.

ఆమె నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూసింది.

"వద్దు తమ్మీ! నీకు తెల్వదా ఏంది? అప్పుడు వాపస్ ఇయ్యాలని షాపు దాంక అచ్చిన గదా. ఇయ్యకున్నా, మన్సుల అనుకున్న. అది ఇన్నది. అందుకే మీ బావను తీస్కపోయింది. నేనే సంపుకున్న నా మొగన్ని. ఇంకోపారి అంటనా ఆ మాట?"

ఏడవలేదు. వంటలో ఉప్పెక్కువైందని ఒప్పుకున్నట్టు, మామూలుగా చెప్పింది. తర్వాత నా భార్యను దగ్గరికి పిలిచింది. "నేను ముండమోసినదాన్ని, నేను పెట్టొద్దు. నువ్వు జర బొట్టు పెట్టు బిడ్డా, తొవ్వల దానికి కోపం రావద్దు," అంది. నా భార్య ఏడుస్తూ పెట్టింది.

అప్పుడు నేను ఒక్క మాట అనవలసింది. అక్కా, ఆ మాట నేను అల్లింది, అమ్మకం పోకుండా నీకు చెప్పిన అబద్ధం, ఏ లక్ష్మీ వినలేదు, నువ్వేం చేయలేదు. అంతే. గొంతుదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఆమె గుండె మీద నుంచి మొగుణ్ని చంపుకున్నానన్న బండ లేస్తుంది. లేచి నా మీద పడుతుంది. నన్ను చూసే ఆ చూపు మారిపోతుంది. నా భార్య పక్కనే నిలబడి ఉంది. నేను ఏసీని రెండు చేతులా ఎత్తి ట్రాలీలో పెట్టాను. జాగ్రత్తగా, బొట్టు చెరగకుండా పెట్టాను.

ఆ తర్వాత శిక్షణ ఇచ్చేవాళ్లలో నేనూ ఒకణ్నయ్యాను. కొత్త కుర్రాళ్లకు బొట్టు సంగతి చెబితే చప్పట్లు కొట్టారు. రాష్ట్రం వచ్చింది, జెండాలు కట్టాం, సొంత షాపు పెట్టుకున్నాను. కనకక్క ఇంకా ఉంది. ప్రతి దసరాకు కబురు పంపుతుంది. నా భార్య వెళ్లి, ఎన్నడూ కరెంటు తగలని ఆ డబ్బాకు బొట్టు పెట్టి వస్తుంది. కొట్టంలో వాన కురిస్తే ఆమె తడుస్తుందట గానీ, దాని మీద మాత్రం పరదా కప్పుతుందట. నా భార్య వచ్చి ఇదంతా చెబుతుంది, నేను వింటాను.

ఆ ఊరికి మా ఊరి నుంచి బస్సు ఉంది. ఎక్కాలని ఎన్నిసార్లు బయల్దేరానో లెక్క చెప్పను, ఎందుకంటే ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఎక్కుతానని మీకు మాట ఇవ్వను. నా మాట ఎలాంటిదో ఇప్పుడు మీకూ తెలుసు.

మీతో చెప్పాక ఛాతీ తేలికైంది. హాయిగా ఊపిరి ఆడుతోంది. అక్కడ ఆమె మాత్రం బావను తానే చంపుకున్నానని అనుకుంటూనే ఉంది.