గురువారం వచ్చే ఆవిడ

మొన్న ఒంగోలు వెళ్ళే బస్సులో నా పక్క సీటావిడ సంచిలోంచి జామకాయ తీసి, రెండు చెక్కలు చేసి, ఒక చెక్క నా చేతిలో పెట్టబోయింది. "వద్దండీ, షుగరు" అన్నాను. నాకు షుగరు లేదు. ఆ కాయకి మత్తుమందేదో రాసి ఉంటుందనీ, చిలకలూరిపేట దాటేసరికి నా గాజులు నా చేతికి ఉండవనీ అనుమానం. వెనక సీట్లోంచి మా అమ్మాయి ముందుకు వంగి, "అమ్మా, నీకు లోకంలో మంచివాళ్ళే కనబడరా?" అని చెవిలో గొణిగింది. కనబడతారు, కాకపోతే కొంచెం ఆలస్యంగా కనబడతారు. ఆ మాట దానితో అనలేదు గాని, ఒకప్పుడు మా అక్క కోసం సింగరాయకొండ వైపు నుంచి వచ్చిన ఒకావిడ గుర్తొచ్చి, మిగతా దారంతా కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ కూర్చున్నాను.

నా అనుమానానికి కారణం లేకపోలేదు. ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. పొలం మీదా ఇంటి మీదా కన్నుపడితే మనుషులు ఎంత తియ్యగా మాట్లాడతారో అక్కడ చూశాను. మంచాన పడిన ముసలమ్మకి ఆర్నెల్లు పళ్ళరసాలు తాగించి, ఏడో నెలలో వేలిముద్ర వేయించడానికి ఆటోలో తీసుకొచ్చిన బంధువుల్ని చూశాను. అందుకని ఎవరైనా ఊరికే మంచిగా ఉంటే నాకు నిద్ర పట్టదు. మా అక్క దీనికి పూర్తిగా తిరగేసిన మనిషి. తాతల నాటి నుంచి మాది చర్చికి వెళ్ళే కుటుంబమే అయినా, ఆ భక్తి మొత్తం దానికే వచ్చింది. నేను ప్రార్థనలో కూడా ఒక కన్ను తెరిచి చెప్పులు చూసుకునే రకం.

ప్రత్తిపాడు అవతల ఒక ఊళ్ళో అక్కకి కారం మిల్లు ఉండేది. బావ పొలం చూసుకునేవాడు, మిల్లు అక్కది. కల్లాల్లో ఎండిన మిరపకాయలు ఎడ్లబండ్ల మీదా ట్రాక్టర్ల మీదా వచ్చేవి. ఆ వీధిలో అడుగుపెడితే తుమ్మని మనిషి లేడు. అక్క మాత్రం ఆ ఘాటులోనే నిలబడి కీర్తనలు పాడుతూ కారం పట్టేది. ఒక మధ్యాహ్నం మిల్లు నడుస్తుండగా కరెంటు పోయింది. కాయ అడ్డం పడిందని అక్క కుడిచెయ్యి లోపల పెట్టింది. కరెంటు వచ్చింది.

గుంటూరు ఆసుపత్రిలో మణికట్టు దాకా తీసేశారు. ఇంటికి వచ్చాక అక్క గోడవైపు తిరిగి పడుకుంది. తిండి లేదు, స్నానం లేదు, పాట లేదు. పాస్టరు గారు వస్తే కళ్ళు మూసుకునేది. నేను అప్పుడే రిటైరయ్యాను. మా వారికి వంట తిప్పలు వదిలేసి, పెట్టె సర్దుకుని వెళ్ళి దాని దగ్గర ఉండిపోయాను. వెళ్ళిన రెండో వారం, గురువారం పదకొండింటికి, తెల్లచీర కట్టుకున్న ఒక నల్లటి, సన్నటి మనిషి గుడ్డసంచితో గుమ్మంలో నిలబడింది.

"ఆసుపత్రిలో చూశానండీ మీ అక్కగారిని. ఎట్లా ఉందో చూసి పోదామని" అంది. ఎక్కడి నుంచి అంటే సింగరాయకొండ పక్కన సముద్రపు పల్లె అని చెప్పింది. రెండు బస్సులు, ఒక ఆటో. చుట్టం కాదు, పరిచయం కూడా లేదు. చూసిపోవడానికి అంత దూరం ఎవరొస్తారు?

మరుసటి గురువారం మళ్ళీ వచ్చింది. ఆ పై గురువారం కూడా. మంచం పక్కన చాప వేసుకుని, మా మిల్లులో మిగిలిన కాయలు చాటలో పోసుకుని తొడిమలు తీస్తూ కూర్చునేది. ఎక్కువ మాట్లాడేది కాదు. వెళ్ళే ముందు చిన్న ప్రార్థన చేసేది, అది కూడా రెండు మూడు మాటలే. నాకు ఇదే ఎక్కువ అనుమానం. బోధ చేస్తే బోధకురాలు అనుకుందును, చందా అడిగితే అదీ సరే అనుకుందును. ఏమీ అడగని మనిషిని ఏమనుకోవాలి? "బావా, ఈవిడ మిల్లు మీద కన్నేసింది" అన్నాను. బావ చుట్ట ఆర్పి, "ఆ తుప్పు మిల్లా? కావాలంటే మోసుకుపొమ్మను" అన్నాడు. ఆయనతో ఏ విషయమూ తేలదు.

అయిదారు వారాలకి అక్క గోడవైపు నుంచి ఇటు తిరిగింది. ఎడమచేత్తో ఒక కాయ అందుకుని, పళ్ళతో తొడిమ పీకింది. నాకు సంతోషించాలని తోచలేదు, పనికి అలవాటు చేస్తోందన్నమాట అనుకున్నాను. మరో రెండు వారాలకి తలుపు సందులోంచి చూస్తే, అక్క ఎడమచేత్తో పెన్ను పట్టుకుని ఏదో రాసి ఆవిడకిచ్చింది. ఆవిడ దాన్ని గబుక్కున సంచిలో పెట్టుకుంది. సంతకం! ముప్ఫై ఏళ్ళ సర్వీసు, మా ఇంట్లోనే, నా కళ్ళ ముందే!

పై గురువారం ఆవిడ కాళ్ళు కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్ళినప్పుడు నేను వసారాలో పెట్టిన సంచి విప్పాను. స్టాంపు పేపర్లు లేవు. చద్దిడబ్బా, బస్సు టిక్కెట్లు, అట్ట నలిగిన ఒక నోటుపుస్తకం ఉన్నాయి. తెరిస్తే కోడి గీకినట్టున్న అక్షరాలు, పేజీకి ఒక్క ముక్క. 'ప్రభువా, నీతో మాట్లాడను.' తర్వాతి పేజీలో, 'ఈ రోజు కూడా మాట్లాడను. గుప్పెడు కాయలు ఒలిచాను.' ఇంకా తిప్పితే, 'ఈ చెయ్యి ఎందుకు పోయిందో చెప్పకపోతే పోనీ. రెండో చెయ్యి వదలకు.' చివరి పేజీలో అక్షరాలు కొంచెం కుదురుగా ఉన్నాయి. 'మా చెల్లెలు తలుపు సందులోంచి చూస్తోంది. దానికి ఎవరి మీదా నమ్మకం లేదు. నేను తినని పూట అది కూడా తినడం లేదు. దాన్ని చూసుకో.'

తల ఎత్తేసరికి ఆవిడ ఎదురుగా ఉంది. పుస్తకం ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఇంట్లో ఉంటే ఎవరన్నా చదువుతారని నన్ను దాచమందండీ" అంది నెమ్మదిగా. "నేను చదవలేదు. నాకు చదువు రాదు."

"అసలు మీరెందుకొస్తున్నారు? నిజం చెప్పండి" అన్నాను. దొంగతనంగా సంచి విప్పింది నేను, దబాయించిందీ నేనే.

ఆవిడ వసారా గట్టు మీద కూర్చుంది. "మా పెద్దోడు సముద్రం మీద వేటకి పోయి రాలేదండీ. రెండేళ్ళు మంచం దిగలేదు నేను. మా చర్చిలో ఒక ముసలామె రోజూ వచ్చి ఊరికే కూర్చునేది. ఆమె ప్రార్థన చేస్తుంటే, నా మీద ఇంకా దేవుడి చూపు ఉందేమోనని ఆశపుట్టి లేచాను. మొన్న మా చెల్లెలి ఆపరేషనుకి గుంటూరు వస్తే, పక్క మంచం మీద మీ అక్కగారు దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిడతన్నారు. తిడతందంటే ఇంకా మాట్లాడతన్నట్టే గదా అనుకున్నా. అందుకొచ్చా."

నేను సంచి ముడి వేసి ఇచ్చాను. క్షమించమని అడగాలని ఉంది, అలవాటు లేదు. "అన్నం తిని వెళ్ళండి" అన్నాను. అంతకుముందు ఎప్పుడూ అనలేదు.

కాయలు మళ్ళీ కల్లాలకి చేరే వేళకి అక్క లేచింది. ఒక ఆదివారం చర్చికి వెళ్ళింది. సాక్ష్యం చెప్పమంటే లేచి, "ఆయనతో మాట్లాడనని చెప్పడానికే వారం వారం ఆయనతో మాట్లాడాను. విన్నాడు. కోప్పడలేదు. అంతేనండీ" అని కూర్చుంది. పాస్టరు గారు ఇంకా ఏమన్నా చెబుతుందని చాలాసేపు ఎదురుచూశారు. ఆ నెలలోనే బావ మిల్లు మూతికి ఇనుప జాలీ బిగించాడు. అక్క ఎడమచెయ్యి స్విచ్చి దాకా చాపి ఆగింది. బావ వెయ్యబోతే "ఆగు, నేనే వేస్తా" అంది. కళ్ళు మూసుకుని పెదవులు కదిపింది. మిల్లు తిరిగింది. మేం ముగ్గురం తుమ్ముతూ, ఏడుస్తూ నిలబడ్డాం. ఆ రోజు ఎవరి కన్నీళ్ళు కారం వల్ల వచ్చాయో చెప్పడం కష్టం.

ఆ తర్వాత ఆవిడ రావడం మానేసింది. నాకు అప్పుడు కూడా అనుమానమే. కనుక్కోమని బావని పంపితే, దాచేపల్లి వైపు క్వారీలో నడుం విరిగిన ఎవరో మనిషి ఇంటికి వెళుతోందని తెలిసింది, ఈసారి మంగళవారాలట.

నేను ఇప్పటికీ అక్క అంత భక్తురాలిని కాలేదు. కాని ప్రార్థనలో రెండు కళ్ళూ మూసుకుంటున్నాను. కాలమే గాయాలు మాన్పుతుందంటారు. మా అక్క గోడవైపు తిరిగి ఉన్నన్నాళ్ళూ కాలం తన మానాన తాను నడిచిపోయింది గాని, ఆ గదిలోకి తొంగి కూడా చూడలేదు. మానడానికి ఎవరో ఒకరు బస్సెక్కి రావలసి వచ్చింది.